రెండో కెజియా

మారియెట్టా, ఒహాయో
మార్చి 9, 1977

మింటా అత్తయ్య గారికి,

మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా చేతిరాత మీరు గుర్తుపట్టలేరు. ఏటా క్రిస్మస్‌కి మీరు పంపే కార్డుకి అమ్మే జవాబు రాసేది. చివర "బర్డీ కూడా మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది" అని తనే చేర్చేది. నేను చెప్పమన్నానో లేదో నాకే తెలియదు. ఇకనుంచి ఆ జవాబు నేను రాయాలి. అమ్మ ఫిబ్రవరిలో పోయింది.

వెంటనే తెలియజేయనందుకు మన్నించండి. మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో నాకెప్పుడూ అర్థం కాలేదు. మీరు నాన్నకి సొంత చెల్లెలు. అయినా నాకు ఊహ తెలిశాక అమ్మ ఒక్కసారి కూడా మీ ఊరు రాలేదు, నన్నూ రానివ్వలేదు. నాన్న పోయినప్పుడు మీరే వచ్చి, ఒక పూట ఉండి, వెళ్ళిపోయారు. మీ టోపీ తప్ప నాకింకేమీ గుర్తులేదు.

ఇంకెవరికీ చెప్పని మాట ఒకటి మీకు చెప్పాలనిపిస్తోంది. అమ్మ నన్నెప్పుడూ పేరుపెట్టి పిలవలేదు. చిన్నప్పట్నుంచీ "బర్డీ"నే. బళ్ళో చేరిన కొత్తలో టీచరు "థియోడోరా" అని పిలిస్తే నేను పలికేదాన్ని కాదట, అది నా పేరని నాకు తెలియక. పెద్దయ్యాక అడిగితే, "అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికుందే" అనేది. అలాంటిది ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఒకటే పిలుపు, "థియోడోరా, థియోడోరా" అని. పిలిచినప్పుడల్లా "ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాను. నలభై మూడేళ్ళ మనిషి రాయవలసిన మాటలు కావివి. కానీ మిగిలిన ఈ చలికాలమంతా నేను వాటి మీదే బతికాను.

ఇక పని సంగతి. నాతో కాలేజీలో పనిచేసే బియాట్రిస్ నోల్ అనే ఆవిడ వలసకాలపు భూస్వాముల వారసురాళ్ళ సంఘంలో సభ్యురాలు. నన్నూ చేరమంటోంది. అమెరికా విప్లవానికి ముందే ఈ దేశంలో పట్టా భూమి ఉన్నవాళ్ళ వంశంలో పుట్టామని, ఒక్కో తరానికీ రుజువు చూపించాలి. మన ఏంబ్రోస్ పెల్హమ్ సరిపోతాడని నాన్న ఎప్పుడో అన్నట్టు గుర్తు. ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగితే తిన్నగా చెప్పలేను. నా భర్త వార్డ్‌తో విడిపోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. నేను చెప్పే లాటిన్ క్లాసులో ఉన్నదే నలుగురు. ఆదివారం మధ్యాహ్నాలు ఫోను పనిచేస్తోందా లేదా అని ఎత్తి చూస్తుంటాను. ఎవరో ఒకరి తర్వాత నేను ఉన్నానని కాగితం మీదైనా చూసుకోవాలని ఉంది.

మీకు తెలిసింది రాయగలరా?

మీ మేనకోడలు,
థియోడోరా ట్రావర్స్


తమర్ క్రీక్, మేరీలాండ్
మార్చి 17

అమ్మాయీ,

ఎవరమ్మా ఆ "గారు"? ఉత్తరం విప్పగానే జిల్లా జడ్జీకి రాసింది పొరపాటున నాకొచ్చిందేమో అనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఈ ఊరి పోస్టాఫీసు నడిపినదాన్ని. పొరపాటున వచ్చిన ఉత్తరమంటే నాకు భయం. నాకు "నువ్వు" చాలు.

కొరీన్ పోయిందని చదివి కాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాను. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే పడవలో బడికి వెళ్ళేవాళ్ళం. నాకంటే బాగా తెడ్డు వేసేది. చివర్లో పేరుపెట్టి పిలిచిందని రాశావు. అదీ చదివాను.

ఏంబ్రోస్ పెల్హమ్ మన మూలపురుషుడన్నది నిజమే. ఆ రోజుల్లో పట్టా రాయించుకునేటప్పుడు పొలానికో పేరు పెట్టుకోవాలి. పక్కవాడు "స్వర్గద్వారం" అని పెట్టుకున్నాడు, అవతలివాడు "రాజుగారి కానుక" అని పెట్టుకున్నాడు. మనవాడేమో సగం చిత్తడి నేల చూసి "దొరికిందే చాలు" అని రాయించాడు. మన వంశం తెలివంతా అక్కడితో సరి. తర్వాత వచ్చిన మేమంతా దొరికిందాన్ని కూడా పోగొట్టుకున్నాం. ఆ పొలంలో ఇప్పుడు డెల్మర్ హబ్బార్డ్ మొక్కజొన్న వేస్తున్నాడు.

నీ సంఘం ఆడవాళ్ళకి ఇంత రుజువులెందుకో నాకర్థం కాదు. మాకిక్కడ ముక్కు చూస్తే చాలు, ఎవరి పిల్లో చెప్పేస్తాం. సరే, నీకు కావాలంటే అడుగు, రాస్తాను. ఇది లెంట్ కదా, మాంసం ముట్టకూడని ఉపవాసాల కాలం, పాస్టరు చూడకుండా చిత్తడి ఎలుక కూర వండుకుని తింటున్నాను. నీళ్ళలో తిరిగేది చేప కిందికే వస్తుందని మా అమ్మ సూత్రం.

మళ్ళీ రాయి. చలికాలంలో నా పెట్టెలోకి విత్తనాల కంపెనీ వాడి కాగితాలు తప్ప ఏమీ రావు.

మింటా


మారియెట్టా
ఏప్రిల్ 14

అత్తయ్యా,

నువ్వనే అంటున్నాను, చూశావా. మొదట్లో కలం కాస్త తడబడింది.

అనాపొలిస్ దస్తావేజుల కచేరీ నుంచి ఏంబ్రోస్ వీలునామా నకలు వచ్చింది. చదువుతుంటే చాలా సంతోషించాను, సగం దాకా. ఈకల పరుపు పెద్ద కొడుక్కి. ఆ తర్వాత "పెగ్, ఆమె పిల్లలు" రెండో కొడుక్కి. ఆ తర్వాత చుక్కల గుర్రం. బానిస పెగ్‌కి ఇంటిపేరు లేదు, పిల్లలకి పేర్లే లేవు. బియాట్రిస్‌కి చూపిస్తే, "అందరి వీలునామాల్లోనూ ఉంటుంది డియర్, అంతదాకా చదవక్కర్లేదు" అంది. చదవకుండా ఎలా ఉంటాను? నా వంశం నిలబడ్డ కాగితం మీదే వాళ్ళ వంశం తెగిపోయింది. అయినా దరఖాస్తు మానుకున్నానా? మానుకోలేదు. ఈ విషయంలో నా మీద నాకు మంచి అభిప్రాయం లేదు.

ఇప్పుడు ఆ దరఖాస్తే తిరిగొచ్చింది. ఏంబ్రోస్ కొడుకు జాన్ పెల్హమ్ కూతురు కెజియా 1762లో లెవిన్ ట్రావర్స్‌ని పెళ్ళాడిందని, పొలం ఆమెతో పాటే మన ట్రావర్సులకి వచ్చిందని అందులో రాశాను. సంఘం రిజిస్ట్రారు శ్రీమతి ఓటిస్ చర్చి ఖనన వివరాలు పంపించింది. జాన్ కూతురు కెజియా 1741లో నాలుగేళ్ళ పిల్లగా చనిపోయింది. "చనిపోయిన శిశువు నుంచి సంతానం రాదని మీకూ తెలిసే ఉంటుంది" అని ఒక వాక్యం. మర్యాదగా చెంప పగలగొట్టడమంటే ఇదే.

అయితే మనం ఆ కెజియా సంతానం కాదా? మరి ఎవరం?

బర్డీ


తమర్ క్రీక్
ఏప్రిల్ 21

అమ్మాయీ,

నీ ఓటిస్ అమ్మగారు ఏ ఊరిదో కనుక్కో. మా వైపుది కాదు, నేను పందెం కాస్తాను. నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వితే పక్కింటి కుక్క మొరిగింది.

పిచ్చిదానా, బిడ్డ పోతే తర్వాత పుట్టినదానికి అదే పేరు పెట్టడం మా దగ్గర మామూలే. తాతల కాలం నుంచీ అంతే. పేరు ఇంట్లోది, దాన్ని మట్టిపాలు చేస్తామా? ఒక థామస్ పోతే ఇంకో థామస్. హబ్బార్డుల ఇంట్లో వరుసగా ముగ్గురు నేథన్‌లు. మూడోవాడు బతికి, తొంభై ఏళ్ళు ఊరందర్నీ సతాయించాడు.

కెజియాలు ఇద్దరు. పొలం మధ్యలో మనవాళ్ళ సమాధుల దిబ్బ ఉంది. చిన్న రాయి నాలుగేళ్ళదానిది. పక్కనే ఓడలో తెప్పించిన పెద్ద నల్లరాయి రెండోదానిది. దాని మీద స్పష్టంగా చెక్కించారు: "కెజియా, జాన్ కూతురు, ఆ పేరు పెట్టుకున్న రెండవది, లెవిన్ ట్రావర్స్ భార్య." ఓటిస్‌కి ఇంకేం కావాలట?

పెగ్ సంగతి రాశావు. దిబ్బ కంచె అవతల నీలిపూల తీగ అల్లుకున్న చోటొకటి ఉంది. సమాధి రాళ్ళు లేవు. డెల్మర్ అక్కడ నాగలి పెట్టడు, వాళ్ళ నాన్న కూడా పెట్టలేదు. ఎందుకని ఎవరూ అడగరు. మా ఊళ్ళో మాట్లాడని సంగతులు అలా పూలు పూస్తుంటాయి.

మింటా


మారియెట్టా
మే 2

నా బంగారు అత్తయ్యా,

నీ ఉత్తరం పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగాను. ఇద్దరు కెజియాలు! శ్రీమతి ఓటిస్‌కి వెంటనే రాశాను. రాయి ఫోటో గానీ, అక్షరాల మీద కాగితం పరిచి బొగ్గుతో రుద్దిన అచ్చు గానీ చాలునంది, ఆగస్టు నెలాఖరులోపు అందితే. ఆమె ఉత్తరంలో మొదటిసారి "ప్రియమైన" అన్న మాట కనిపించింది.

నువ్వు ఆ రాయి అచ్చు తీసి పంపిస్తావా? లేదూ, పరీక్షలైపోగానే జూన్‌లో నేనే వస్తాను. అదే బాగుంటుంది. మీ ఊళ్ళో పేరున్న మెత్తపీతలు నీ చేతివంటలో తింటాను. ఆ దిబ్బ మీద మనవాళ్ళందర్నీ వరుసగా చూస్తాను. ఇన్నేళ్ళూ నాకు చూడ్డానికి ఎవరూ లేరనుకున్నాను.

రెండో కెజియా గురించి ఆలోచిస్తున్నాను. చదవడం నేర్చుకున్న రోజున ఆ దిబ్బ మీద తన పేరే చదివి ఉంటుంది కదా. తనకంటే ముందొచ్చి పడుకున్న తన పేరు. వాళ్ళమ్మ "కెజియా" అని పిలిచినప్పుడు వాళ్ళలో ఎవరు పలికేవారో! ఆ రోజుల్లో మనుషులు మనకంటే గట్టివాళ్ళని అంటారు. నిజమేనా, లేక చెప్పుకోలేదంతేనా?

అన్నట్టు, వంశవృక్షమంతా వెతికాను, థియోడోరా అన్న పేరు ఎక్కడా లేదు. నాకెవరి పేరు పెట్టారో నీకేమైనా తెలుసా?

నీ బర్డీ


తమర్ క్రీక్
మే 30

అమ్మాయీ,

జవాబు ఆలస్యమైంది. మోకాలు పట్టేసింది.

జూన్‌లో వద్దు. ఇంటి పైకప్పు విప్పించాను, నీకు పడుకునే గది లేదు. దోమలు కూడా మొదలయ్యాయి. మా దోమలు మీ ఒహాయో దోమల్లాంటివి కావు, మనిషిని ఎత్తుకుపోయి తీరిగ్గా తింటాయి. పోటు నీళ్ళు పొలం దారి మీదికి వచ్చేశాయి, నేలంతా బురద. దిబ్బ మీదంతా దురదతీగ. గొడ్డు కూడా అటు పోదు. చలికాలం వచ్చి ఆకు రాలాక చూద్దాం. రాయి ఎక్కడికీ పోదు కదా, రెండువందల ఏళ్ళుగా అక్కడే ఉంది.

నీ పేరు మీ నాన్నకి ఇష్టమని పెట్టాడు. అంతే.

పీతలు ఈ ఏడు బాగా పడుతున్నాయి. గుల్ల విడిచినవి పొద్దున్నే తెచ్చి పిండిలో దొర్లించి వెన్నలో వేయించాను. ఒక్కదాన్నే నాలుగు తిన్నాను. నువ్వు పాఠాలు బాగా చెప్పుకో.

మింటా


మారియెట్టా
జూలై 6

అత్తయ్యా,

నీకు కోపం తెప్పించే మాట ఏదైనా రాశానా? పాత ఉత్తరాలు మళ్ళీ చదువుకున్నాను. ఏప్రిల్‌లో నవ్వి కుక్కని నిద్రలేపిన మనిషి మే నెలలో ఏమైంది?

ఒకటి అనిపించింది, తప్పైతే క్షమించు. రాయి అచ్చు చేతికొస్తే ఇక నేను రాయడం మానేస్తానని అనుకుంటున్నావేమో. మానను. నీ ఉత్తరం వచ్చే రోజు నాకు పండగ. సంఘం ఏమైపోయినా సరే, రాస్తూనే ఉంటాను.

కానీ గడువు ఆగస్టు నెలాఖరు. చలికాలం దాకా ఆగితే ఈ ఏడు పోయినట్టే, మళ్ళీ బియాట్రిస్‌ని బతిమాలుకోవాలి. నీ మోకాలికి శ్రమ ఇవ్వకూడదని మీ ఊరి కొత్త పాస్టరు మ్యాటిక్స్‌గారికి నిన్న ఉత్తరం వేశాను. అక్కడున్న రాళ్ళన్నీ చూసి రాయమన్నాను. నీకు పని తప్పించానని సంతోషిస్తావనుకుంటాను.

బర్డీ


తమర్ క్రీక్
జూలై 11

అమ్మాయీ,

పాస్టరుకి ఎందుకు రాశావు? ఆయన బయటి ఊరివాడు, ఏం తెలుసు ఆయనకి? వద్దని ఇంకో ఉత్తరం వెయ్యి. నేనే వెళ్ళి అచ్చు తీస్తాను. ఈ వారమే తీస్తాను. నీకు దణ్ణం పెడతాను, వద్దని చెప్పు.

మింటా


మారియెట్టా
ఆగస్టు 3

మింటా అత్తయ్య గారికి,

పాస్టరు మ్యాటిక్స్ గారి ఉత్తరం నిన్న అందింది. దారి పొడిగానే ఉందట. దిబ్బ మీద దురదతీగ లేదట. ఎవరో ఏటేటా శ్రద్ధగా గడ్డి తీసి శుభ్రం చేస్తున్నట్టుందని రాశారు. రెండో కెజియా రాయికి చక్కని ఫోటో పంపారు. నాకు కావలసింది అదే కాబట్టి అందుకు కృతజ్ఞురాలిని.

ఉత్తరం చివర ఆయన రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు కింద దించుతున్నాను:

"మూలగా ఒక చిన్న తెల్లరాయి కూడా ఉంది. పైన గొర్రెపిల్ల బొమ్మ. 'థియోడోరా, ఎల్వుడ్, కొరీన్ ట్రావర్సుల కూతురు, 1930 – 1932.' చదివి ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను మేడమ్, నాకు ఉత్తరం రాసింది ఎవరా అని! మీ దగ్గరి బంధువేమో. దాని మీద చిన్న గాజుసీసాలో తాజా పూలున్నాయి."

నేను 1934 జనవరిలో పుట్టాను.

ఆసుపత్రిలో అమ్మ ఎవరిని పిలిచిందో ఇప్పుడు తెలిసింది. మీకు మార్చి నెలలోనే తెలుసు. "అదీ చదివాను" అని రాశారు.

థియోడోరా ట్రావర్స్
(ఇలా సంతకం చేయవచ్చో లేదో మీరే చెప్పాలి.)


తమర్ క్రీక్
ఆగస్టు 9

అమ్మాయీ,

నన్ను తిట్టు. "మీరు" అని మాత్రం తిట్టకు.

ఉన్నది రాస్తాను. మొదటి పాప 1930 జూన్‌లో పుట్టింది. మా అందరి మధ్యా అదొక్కతే పిల్ల. నా భుజం మీద నిద్రపోయేది. పోస్టాఫీసులో సంచుల మీద కూర్చోబెడితే ఉత్తరాలు నోట్లో పెట్టుకునేది. కోరింతదగ్గు వచ్చింది. డాక్టరు అవతలి ఒడ్డున ఉండేవాడు. 1932 జనవరిలో క్రీక్ నీళ్ళు గడ్డకట్టి పడవ కదలలేదు. మీ నాన్న గొడ్డలితో మంచు కొట్టుకుంటూ సగం దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. వచ్చేసరికి అయిపోయింది.

కొరీన్ దిబ్బ దగ్గరికి రాలేదు. పాప పోయాక ఒకే మాట అంది, "ఈ నీళ్ళు చూస్తూ నేను బతకలేను" అని. ఆ ఏడాది తిరక్కుండానే పొలం అమ్మేసి ఒహాయో వెళ్ళారు. క్రీకులు లేని చోటు కావాలంది.

తర్వాత నువ్వు. నువ్వు పుట్టావని తంతి రాగానే మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, రైలెక్కి వెళ్ళింది. తన జీవితంలో అదొక్కసారే రైలెక్కింది. మళ్ళీ ఆడపిల్లే కాబట్టి ఆ పేరే పెట్టాలని పట్టుబట్టింది. అది మన పద్ధతి, పెట్టకపోతే పోయిన బిడ్డని ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టేనని. కొరీన్ వద్దంది. మా అమ్మకి ఎదురు నిలిచిన కోడలు ఈ కౌంటీలోనే లేదు. రిజిస్టరులో పేరు పడింది. కానీ మీ నాన్న నాకు రాశాడు, "మింటీ, పేరు పెట్టామే గానీ కొరీన్ నోట అది రావడం లేదు. ప్రయత్నిస్తుంది, సగంలో వదిలేసి 'బర్డీ' అంటుంది" అని. అందుకే బర్డీ అయ్యావు. నాకు మాత్రం ఏమైంది? చూసుకో, ఇన్ని ఉత్తరాల్లో నేనూ నిన్ను అమ్మాయీ అనే రాశాను.

నీకు చెప్పొద్దని కొరీన్ నాతో ఒట్టు వేయించుకుంది. అందుకే క్రిస్మస్ కార్డులు తప్ప ఏమీ మిగల్లేదు మా మధ్య.

ఏప్రిల్‌లో నోరు జారాను. ఉత్తరాల్లో ఎవరో నాతో మాట్లాడుతున్నారన్న సంబరంలో కెజియాల కథంతా చెప్పేశాను. ఉత్తరం పెట్టెలో పడ్డాక గానీ ఏం చేశానో తెలిసిరాలేదు. నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, ఆ పిలుపు మీదే చలికాలమంతా బతికానని. దాన్ని నీ దగ్గర్నుంచి లాక్కోమంటావా నన్ను? మోకాలు నొప్పీ, పోటు నీళ్ళూ అన్నీ అబద్ధాలే. పైకప్పు మాత్రం నిజంగానే కారుతోంది.

ఒకటి చెబుతాను, విను. కొరీన్ ఎవరిని పిలిచిందో నాకు తెలియదు. నీకూ తెలియదు. ఫోటో తీసినంత మాత్రాన ఆ పాస్టరుకి అసలే తెలియదు.

మింటా


తమర్ క్రీక్
సెప్టెంబరు 12

అమ్మాయీ,

నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. అడగడం లేదు, చెబుతున్నానంతే. నిన్న మొదటి బాతుల గుంపు కెనడా నుంచి దిగింది. ఈసారి తొందరగా వచ్చాయి.

పోస్టాఫీసులో ఇప్పుడు ఒక కుర్రది కూర్చుంటోంది. రోజూ నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతుంది. నేనూ ముప్పై ఏళ్ళు ఎంతోమందికి అలాగే ఊపాను. ఇంత బాధగా ఉంటుందని తెలిస్తే కనీసం నోటితో చెప్పేదాన్ని.

పైకప్పు వేయించాను. గది ఖాళీగా ఉంది.

మింటా


మారియెట్టా
అక్టోబరు 16

అత్తయ్యా,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదు. రాసి, చించేశాను. ఒక దాంట్లో నిన్ను తిట్టాను, ఒక దాంట్లో అమ్మని, ఒక దాంట్లో ఆ రైలెక్కిన ముసలావిడని. చదువుకున్నదాన్ని కదా, తిట్లు కూడా సగం వాక్యం దాకా వచ్చి ఇది న్యాయమేనా అని ఆగిపోతాయి.

కాగితాలు మాత్రం పంపేశాను. కోపంతోనే పంపాను. ఇంకేమీ నాది కాకపోతే కనీసం ఏంబ్రోస్ అయినా నావాడు కావాలని. పంపాక ఆసుపత్రి గది గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఎన్ని వారాలు ఆలోచించినా నువ్వన్న చోటికే వచ్చాను, అమ్మ ఎవరిని పిలిచిందో నాకు తెలియదు. రెండేళ్ళు నిండని పాపనే అయితే, ఆ పాప పలకలేదు కదా. పిలుస్తూ పిలుస్తూ జవాబు లేకుండా పోవలసిన మనిషికి, పిలిచిన ప్రతిసారీ "ఇక్కడే ఉన్నానమ్మా" అని ఒక గొంతు వినిపించింది. అమ్మ మొహం తేరుకునేది, అది నేను కళ్ళారా చూశాను. అది నాకోసం కాకపోవచ్చు. అయినా చూసింది నేను. ఈ మాట రాసిన రోజు కాస్త నిద్ర పట్టింది. మర్నాడు మళ్ళీ అనుమానం వచ్చింది. అలాగే ఉంది, వస్తూ పోతూ.

సంఘం వాళ్ళు ఒప్పుకున్నారు. నిన్న కొలంబస్‌లో ఒక హోటల్లో విందు జరిగింది. అన్నీ తెల్ల టేబుల్‌గుడ్డలు, చప్పటి కోడికూర, ఛాతీ మీద రిబ్బన్లు. బియాట్రిస్‌కి జలుబు చేసి రాలేదు. ఆ గదిలో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. కొత్తగా చేరినవాళ్ళ పేరూ, పూర్వికుడి పేరూ, ఆయన భూమి పేరూ అధ్యక్షురాలు చదువుతుంది. చదవగానే లేచి నిలబడాలి. అందరూ చప్పట్లు కొడతారు. ఒక్కొక్కరూ లేస్తుంటే, పెగ్ పిల్లల పిల్లలు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారో, వాళ్ళని ఎవరు ఏ పేరుతో లేపి నిలబెడతారోనని ఆలోచిస్తూ కూర్చున్నాను.

"థియోడోరా ట్రావర్స్. ఏంబ్రోస్ పెల్హమ్. దొరికిందే చాలు" అని చదివింది. గదిలో చిన్నగా నవ్వులు. నేను లేవలేదు. మర్చిపోయి కాదు. ఇంకెవరైనా లేస్తారేమోనని చూశాను, నిజంగా చూశాను అత్తయ్యా, తల తిప్పి, తలుపు వైపు. అధ్యక్షురాలు మళ్ళీ చదివింది. అప్పుడు లేచాను.

కూర్చున్నాక పక్కనున్న పెద్దావిడ నా రిబ్బను సరిచేస్తూ అడిగింది, "మేరీలాండా? మీవాళ్ళు ఇంకా అక్కడ ఎవరైనా ఉన్నారా, లేక అందరూ వెళ్ళిపోయారా?" అని.

ఏటా ఎవరినో ఒకరిని అడిగే మామూలు ప్రశ్నే అయి ఉంటుంది. నా జవాబులో మాత్రం నా జీవితంలో ఎప్పుడూ వాడని మాట ఒకటి వాడవలసి వచ్చింది.

"ఉన్నారండీ. మా అత్తయ్య ఉంది. మా అక్క ఉంది" అన్నాను.

థాంక్స్‌గివింగ్‌కి వస్తున్నాను.

థియోడోరా